హోబా నుంచి గిబియాన్ దాకా: నమీబియా ఇనుప ఉల్కల వెంట

పేరున్న పెద్ద ఇనుప ఉల్కల్లో చాలావాటిని పడిన చోటి నుంచి ఎప్పుడో తరలించేశారు. గ్రీన్‌లాండ్‌లో పడిన కేప్ యార్క్ ఉల్క తాలూకు 31 టన్నుల ముక్క అహ్నిగిటో. 1897లో ధ్రువ యాత్రికుడు రాబర్ట్ పియరీ దాన్ని ఓడకెక్కించి న్యూయార్క్ చేర్చాడు. ఇప్పుడది అక్కడి అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో ఉంది. ఒరెగాన్‌లో దొరికిన పదిహేనున్నర టన్నుల విల్లమెట్ కూడా అదే ఊళ్లో, అదే మ్యూజియంలో ఉంది. న్యూజెర్సీలో ఉండే తెలుగువాళ్లు రెండింటినీ ఒక్క మధ్యాహ్నంలో చూసి రావచ్చు. చూడదగ్గవే, కాదనను. కానీ వాటి కింద ఉన్నది మ్యూజియం గచ్చు. అవి పడ్డ నేల ఎలాంటిదో, ఎంత లోతున దిగబడ్డాయో, చుట్టూ ఏ మట్టి పట్టిందో అక్కడ తెలియదు.

నమీబియాలోని హోబా మాత్రం పడిన చోటే ఉంది. ఇప్పటిదాకా తెలిసిన ఉల్కల్లో ఒకే ముక్కగా ఇంత పెద్దది మరొకటి లేదు. అదే దేశంలో దక్షిణాన గిబియాన్ ఉల్క వందల ముక్కలై విశాలమైన మైదానంలో చెల్లాచెదురుగా పడింది. ఆ ముక్కల్లో దొరికినవన్నీ ఏరుకుపోయారు. ఒకచోట రాయి మిగిలింది, ఒకచోట నేల మాత్రం మిగిలింది. ఈ రెంటినీ ఒకే ప్రయాణంలో చూడాలి. ముందు విండ్‌హోక్‌లో తరలించిన గిబియాన్ ముక్కలు, తర్వాత ఉత్తరాన హోబా, చివర్న దక్షిణాన ఖాళీ మైదానం. ఈ వరసలో వెళ్తే ఒకచోట చూసింది తర్వాతి చోట పనికొస్తుంది.

మే నుంచి సెప్టెంబరు దాకా మంచి కాలం. వానలుండవు, పగలు ఎండ హాయిగా ఉంటుంది, రాత్రి చలి మాత్రం గట్టిగానే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఎండ మండిపోతుంది. ఆ తర్వాత వానలు మొదలైతే కంకర రోడ్లు జారతాయి.

మొదటి రోజు: విండ్‌హోక్

హోసియా కుటాకో విమానాశ్రయం ఊరికి తూర్పున 45 కిలోమీటర్ల దూరంలో ఉంది. అద్దె కారు అక్కడే తీసుకోవడం మేలు. మనలాగే ఎడమవైపు నడిపే దేశం కాబట్టి చేతికి కొత్త ఉండదు. మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా దగ్గర పెట్టుకోవాలి.

కారు తీసుకునేటప్పుడు తొందరపడితే తర్వాత డబ్బు వదులుతుంది. స్టెప్నీని కిందికి దింపి గాలి చూడాలి, జాకీ, వీల్ స్పానర్ ఉన్నాయో లేదో చూసుకోవాలి. నాలుగు టైర్ల పక్కగోడల మీద కోతలుంటే ఫోటో తీసి పెట్టుకోవాలి. ఇక్కడి మామూలు బీమాలో సాధారణంగా టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం ఉండవు. కంకర రోడ్డు మీద దెబ్బ తినేవి సరిగ్గా ఆ మూడే. అందుకని వాటికి విడిగా కట్టే బీమా తీసుకోవాలి. డబ్బు సంగతికొస్తే నమీబియా డాలరు, దక్షిణాఫ్రికా రాండ్ విలువ ఒకటే. రాండ్ ఇక్కడ చెల్లుతుంది, నమీబియా డాలరు అక్కడ చెల్లదు. కాబట్టి తిరుగు ప్రయాణానికి ముందే మిగిలింది మార్చుకోవాలి.

మధ్యాహ్నం పోస్ట్ స్ట్రీట్ మాల్‌కి వెళ్లాలి. ఇండిపెండెన్స్ అవెన్యూ నుంచి వెర్న్‌హిల్ షాపింగ్ సెంటర్ వైపు పోయే నడకదారి అది. ఆ దారి మధ్యలోనే ఫౌంటెన్ చుట్టూ లోహపు స్తంభాల మీద గిబియాన్ ముక్కలు నిలబెట్టి ఉంటాయి. జర్మన్ పాలన కాలంలో భూగర్భ శాస్త్రవేత్త పాల్ రాంగె 1911 నుంచి 1913 దాకా దక్షిణ మైదానాల్లో తిరిగి వీటిని పోగుచేయించాడు. మొత్తం 37 ముక్కలు, బరువు పన్నెండున్నర టన్నుల పైచిలుకు. వాటిలో నాలుగు మ్యూజియాలకు పోగా మిగిలిన 33 ఎన్నో ఏళ్లు జూ పార్కులో ఒక్క కుప్పగా ఉండేవి. 1975లో అక్కడి నుంచి తీసేసి ఆల్టె ఫెస్టె కోటలో దాచి, ఆ తర్వాత ఈ ఫౌంటెన్‌కు మార్చారు. కొన్ని స్తంభాలు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. దొంగలు పట్టుకుపోయారు.

ఒక్కో ముక్క 200 నుంచి 550 కిలోల మధ్య ఉంటుంది. నడుం ఎత్తున ఉన్నదాన్ని ఎంచుకుని దగ్గర నిలబడండి. పైపొర ముదురు గోధుమ రంగు. మనుషుల చేతులు తగిలే చోట మాత్రం నునుపెక్కి నల్లగా మెరుస్తుంది. బొటనవేలు నొక్కినట్టుండే గుంటలు కనిపిస్తాయి. గాలిలో దూసుకొచ్చేటప్పుడు కరిగి కొట్టుకుపోయిన భాగాలు అలాంటి గుంటల్ని మిగులుస్తాయి. ఆ తర్వాత వేల ఏళ్లు నేలలో ఉండి పట్టిన తుప్పు కూడా గుంటలు చేస్తుంది. అంచు మెత్తగా ఒంపు తిరిగి ఉంటే మొదటిది కావచ్చు. అంచు గరుకుగా, పొరలు లేచినట్టుంటే తుప్పు పనే. అన్ని గుంటల్నీ ఆకాశంలో పడ్డవేనని చెప్పే గైడు మాట నమ్మొద్దు.

ఈ ముక్కల అసలు అందం లోపల ఉంటుంది. గిబియాన్ ఇనుములో నికెల్ సుమారు 7.7 శాతం. ఒకప్పుడు ఏదో చిన్న గ్రహం గర్భంలో ఉన్న ఈ లోహం లక్షల ఏళ్ల పాటు నెమ్మదిగా చల్లారింది. ఆ క్రమంలో నికెల్ తక్కువున్న కామసైట్, నికెల్ ఎక్కువున్న టేనైట్ పలకలుగా విడిపోయి ఒకదాన్నొకటి అల్లుకున్నాయి. కోసి ఆమ్లం పూస్తే ఆ అల్లిక గీతలుగా తేలుతుంది. దాన్నే విడ్మాన్‌స్టాటెన్ నమూనా అంటారు. గిబియాన్‌లో పలకల మందం దాదాపు 0.3 మిల్లీమీటరు. అంత సన్నగా, అంత తీరుగా ఉండబట్టే ఖరీదైన గడియారాల డయళ్లకు, ఉంగరాలకు ఈ ఇనుము మీద పడ్డారు.

ప్రయోగశాలలో గీతలు తేల్చే తీరు ఇది. ముక్కను నీళ్లతో చల్లబరుస్తూ నెమ్మదిగా కోస్తారు. వేడెక్కితే కోత అంచున అల్లిక చెడుతుంది. ఆ ముఖాన్ని 120 నంబరు ఇసుక కాగితంతో మొదలుపెట్టి 220, 400, 600, 800 దాకా రుద్దుతారు. నంబరు మారిన ప్రతిసారీ రుద్దే దిక్కు అడ్డంగా మార్చాలి, లేకపోతే పాత గీరలు మిగిలి, ఆమ్లం పడగానే పైకి తేలతాయి. ఆల్కహాల్‌లో 3 నుంచి 5 శాతం నైట్రిక్ ఆమ్లం కలిపి బ్రష్‌తో పూస్తారు. అర నిమిషం నుంచి రెండు నిమిషాల్లో నమూనా కనిపిస్తుంది. ఎక్కువసేపు వదిలితే ముఖం మసకబారుతుంది. తర్వాత వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆల్కహాల్‌లో ముంచి, వేడిగాలితో ఆరబెట్టి, పల్చగా నూనె రాస్తారు. ఆమ్లం పూర్తిగా పోకపోతే కొన్ని వారాలకే గీతల వెంట తుప్పు చుక్కలు లేస్తాయి. ఇక ఆ ఆమ్లపు మిశ్రమాన్ని 5 శాతం దాటనివ్వకూడదు, మూత బిగించి నిల్వ ఉంచకూడదు. గాఢత పెరిగితే పేలే ప్రమాదం ఉంది.

మాల్ పరిసరాల్లో, రోడ్డు పక్క బొమ్మల దుకాణాల్లో ఉల్క ముక్కలంటూ అమ్మజూపేవారు తగలొచ్చు. కొనవద్దు. నమీబియాలో ఉల్కలు ప్రభుత్వ ఆస్తి. 2004 నాటి జాతీయ వారసత్వ చట్టం వాటిని కాపాడుతుంది. నకిలీదైతే డబ్బు దండగ, అసలుదైతే విమానాశ్రయంలో కేసు.

రెండో రోజు: విండ్‌హోక్ నుంచి గ్రూట్‌ఫోంటెయిన్

దూరం 450 కిలోమీటర్ల పైన, అంతా తారు రోడ్డే. బి1 రహదారి పట్టుకుని ఒకహాంజా (70 కిలోమీటర్లు), ఒచివరోంగో (245), ఒటావి దాకా వెళ్లి, అక్కడ బి8లోకి తిరిగితే మరో 90 కిలోమీటర్లకు గ్రూట్‌ఫోంటెయిన్. వేగ పరిమితి 120. ఆగకుండా ఐదు గంటలు, ఆగుతూ ఏడు గంటలు అనుకోవాలి. పొద్దున ఏడింటికి బయల్దేరితే చాలు.

రాత్రి మాత్రం నడపకూడదు. చలికాలంలో సాయంత్రం ఆరున్నరకల్లా చీకటి పడుతుంది. ఆ వేళకు కూడూ జింకలు రోడ్డెక్కుతాయి. 200 కిలోల పైబడిన మగ కూడూ కంచె మీంచి దూకి హెడ్‌లైట్ల వెలుగులోకి వస్తే బంపరు దాని కాళ్లను కొడుతుంది, దేహం వచ్చి ముందద్దంలో పడుతుంది. పగలైతే రోడ్డు పక్క గడ్డి తవ్వుకునే అడవిపందులు ఎదురవుతాయి. అవి ఒకదాని వెనక ఒకటి దాటుతాయి కాబట్టి మొదటిది దాటాక వెంటనే వేగం పెంచకూడదు. పెట్రోలు ఒచివరోంగోలో ఒకసారి, గ్రూట్‌ఫోంటెయిన్‌లో ఒకసారి పోయించుకోవాలి. ముల్లు సగం దాటాక ఆగకపోవడం ఈ దేశంలో చాలామంది చేసే తప్పు.

ఒటావి దాటుతుండగా కొండలు దగ్గరపడతాయి, చెట్లు చిక్కబడతాయి. ఇదంతా డోలమైట్, సున్నపురాతి ప్రాంతం. రేపు ఉల్క చుట్టూ కనిపించే తెల్లటి రాయి ఈ నేల తాలూకుదే కాబట్టి రోడ్డు కోతల్లో ఆ రంగు గమనించి పెట్టుకోండి. శాకాహారులు గ్రూట్‌ఫోంటెయిన్ సూపర్‌మార్కెట్‌లో పెరుగు, రొట్టె, పళ్లు, కూరగాయలు కొనుక్కుని వంటగది ఉన్న గది తీసుకుంటే ఇబ్బంది ఉండదు. అక్కడ మహంగు పిండి అని అమ్మేది మన సజ్జపిండే. సంకటి కెలుక్కోవచ్చు.

మూడో రోజు: హోబా

పొద్దున్నే బయల్దేరాలి. ఊరి నుంచి సుమెబ్ వైపు పోయే సి42 మీదికొచ్చి, హోబా బోర్డు దగ్గర డి2859 కంకర రోడ్డులోకి మళ్లాలి. మొత్తం 20 కిలోమీటర్ల చిల్లర. మామూలు కారు సరిపోతుంది. తారు మీద 32 పౌండ్లున్న గాలిని కంకర మీద 26–28కి తగ్గిస్తే టైరు మెత్తబడి పదునైన రాళ్ల మీద తెగదు, కుదుపూ తగ్గుతుంది. వేగం 60–70 చాలు. కంకర మీద కార్లు బోల్తా పడేది చాలాసార్లు ఒకే తీరుగా జరుగుతుంది: చక్రం పక్క గుల్ల కంకరలోకి జారుతుంది, భయపడి స్టీరింగ్ గట్టిగా తిప్పుతారు, బ్రేకు కూడా తొక్కుతారు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. అంతే. ఎదురుగా లారీ వస్తే ఎడమకు తగ్గి, దుమ్ము తేలిపోయేదాకా నెమ్మదిగా పోవాలి. తిరిగి తారెక్కగానే గాలి నింపుకోవాలి, తక్కువ గాలితో 100 మీద పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

గేటు దగ్గర ప్రవేశ రుసుము కట్టి, చెట్ల మధ్య కాలిబాటన కాస్త నడిస్తే రాతి మెట్లు గుండ్రంగా దిగుతాయి. మెట్ల అడుగున ఉల్క.

ఇది 1920లో వెలుగులోకొచ్చింది. అప్పటి హోబా వెస్ట్ పొలం దగ్గర యాకోబస్ హెర్మానస్ బ్రిట్స్ అనే రైతు ఎద్దులతో దున్నుతుంటే నాగలి ఠంగున తగిలి ఆగిందన్నది అందరూ చెప్పే కథ. బ్రిట్స్ స్వయంగా రాసిచ్చిన నివేదిక వేరే మాట చెబుతోంది. వేటకు వెళ్లినప్పుడు నేలకు సమంగా ఉన్న నల్లటి రాయి కనిపించిందనీ, కత్తితో గీరితే లోపల మెరిసిందనీ, ముక్కలు చెక్కి గ్రూట్‌ఫోంటెయిన్‌లోని గనుల కంపెనీకి చూపించాననీ అందులో ఉంది. చూసినవాడి మాట కాబట్టి దాన్నే పట్టుకోవాలి. రెండింట్లోనూ ముఖ్య విషయం ఒకటే: పైకి కనిపించింది పైభాగం మాత్రమే. ఇప్పుడు మనకు పక్కలన్నీ కనిపిస్తున్నాయంటే చుట్టూ సున్నపు నేల తవ్వి తీయబట్టే.

మెట్ల మీదే ఆగి ముందు ఆకారం చూడండి. బల్లపరుపుగా, దాదాపు చదరంగా ఉంటుంది. పొడవు 2.7 మీటర్లు, వెడల్పు 2.7, మందం దాదాపు 0.9. గుణిస్తే ఆరున్నర ఘనపు మీటర్లు. ఇలాంటి నికెల్ ఇనుము ఘనపు మీటరుకు దాదాపు 7.9 టన్నులు తూగుతుంది, అంటే లెక్క 52 టన్నుల దగ్గర తేలుతుంది. కానీ మందం అన్నిచోట్లా ఒక్కలా లేదు, ఒక వైపు మీటరు దాటుతుంది. అందుకే అంచనా 60 టన్నులకు కొంచెం పైకి పోతుంది. తొలినాళ్లలో 66 అన్నారు. మధ్యలో తరిగింది తుప్పు, నమూనాల కోతలు, జ్ఞాపకార్థమని చెక్కుకుపోయినవాళ్ల చేతివాటం. ఏ సంఖ్యా కాటా మీద తూచింది కాదు, ఎందుకంటే ఈ రాయిని ఎవరూ లేపలేదు.

కిందికి దిగి చెయ్యి ఆనించండి. పొద్దున చల్లగా ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు వేడెక్కుతుంది. పైముఖం కూర్చునేవాళ్ల వల్ల, ఎక్కేవాళ్ల వల్ల నునుపెక్కి రాగిగోధుమ రంగులో ఉంటుంది. ఎవరెవరో చెక్కిన పేర్లు, తేదీలు కనిపిస్తాయి. ఒక మూల రంపంతో కోసిన చదునైన ముఖం ఉంటుంది. అక్కడ వంగి చూస్తే ఉక్కు రంగు తెలుస్తుంది. నిన్న మొన్న విండ్‌హోక్‌లో చదివిన గీతలు ఇక్కడ వెతికినా లాభం లేదు. హోబాలో నికెల్ దాదాపు 16 శాతం, గిబియాన్‌కు రెట్టింపు. నికెల్ ఎంత ఎక్కువుంటే, లోహం రెండు రకాలుగా విడిపోవడం అంత తక్కువ ఉష్ణోగ్రతలో మొదలవుతుంది. ఆ చల్లదనంలో పరమాణువులు దూరం కదలలేవు. అందువల్ల కామసైట్ పలకలుగా ఎదగలేదు, సూక్ష్మదర్శినికి మాత్రమే అందే సన్నని కదుళ్లుగా ఆగిపోయింది. కోసి ఆమ్లం పూసినా ముఖం సాదాగానే ఉంటుంది. ఇలాంటివాటిని ఆటాక్సైట్లు అంటారు. హోబా ఐవీబీ అనే అరుదైన వర్గానికి చెందింది.

ఇప్పుడు అడుగున చూడండి. ఉల్క సున్నపురాతిని తాకే చోట పొరలు పొరలుగా నల్లగోధుమ రంగు పెంకు ఉంటుంది. ఇనుము తుప్పుగా మారి చుట్టూ కట్టిన పెంకు అది. ఇది లోపలి లోహమంత ముఖ్యం. ఎంత ఇనుము కరిగి నేలలోకి దిగిందో ఆ పెంకే చెబుతుంది. మ్యూజియంలోకి తెచ్చిన ఉల్కలకు ఈ పెంకు మిగలదు. దయచేసి దాన్ని గోటితో కూడా లేపవద్దు.

చాలామంది జేబులో బలమైన నియోడిమియం అయస్కాంతం తెచ్చి అంటిస్తారు. ఇది మానాలి. అలాంటి అయస్కాంతం తగిలిన చోట ఉల్క తనలో దాచుకున్న పాత అయస్కాంత గుర్తు చెరిగిపోతుంది, తర్వాత వచ్చే పరిశోధకుడికి అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. దాని బదులు చిన్న దిక్సూచి తీసుకురండి. పై మెట్టు మీద ఉత్తరం గుర్తుపెట్టుకుని, ఒక్కో అడుగు దిగుతూ ముల్లు చూడండి. బాగా దగ్గరికొచ్చాక ముల్లు పక్కకు లాగుతుంది. నాలుగు వైపులా తిరిగితే ఒక్కో వైపు ఒక్కోలా మళ్లుతుంది. ఫోనులోని దిక్సూచి కూడా పనిచేస్తుంది కానీ కవరులో అయస్కాంతం ఉంటే ముందు తీసేయాలి. కారు తాళాలు, గడియారం దూరంగా పెట్టాలి.

ఇక అందరూ అడిగేది: గొయ్యి ఏది? అరవై టన్నుల ఇనుము ఆకాశం నుంచి పడితే ఇక్కడ పెద్ద బిలం ఉండాలి కదా? అమెరికాలో ఆరిజోనా బిలం అడ్డం 1.2 కిలోమీటర్లు. అక్కడ పడ్డ ఇనుము వేగం తగ్గకుండా తగిలింది కాబట్టి చాలావరకు ముక్కలై, ఆవిరై పోయింది. హోబా పగలకుండా మిగలడమే అది నెమ్మదిగా దిగిందనడానికి రుజువు. లెక్కలు కట్టినవాళ్లు నేలను తాకేటప్పటి వేగం సెకనుకు మూడు వందల మీటర్ల దరిదాపుల్లో ఉండొచ్చంటారు. ఆకాశంలోకి వచ్చేటప్పుడు సెకనుకు 15 కిలోమీటర్లు అనుకుంటే వేగం యాభై వంతులు తగ్గింది, తాకిడి శక్తి 2,500 వంతులు తగ్గింది. అంత బరువున్నది అంతగా నెమ్మదించాలంటే గాలిలో చాలా దూరం ప్రయాణించాలి. చెరువు మీద విసిరిన పెంకులా బాగా ఏటవాలుగా వచ్చి, తన బల్లపరుపు ముఖాన్ని గాలికి అడ్డం పెట్టి ఉంటే అది సాధ్యం. ఆ వేగానికి పడే గొయ్యి చిన్నది. పడి వేల ఏళ్లయింది. ఉల్కలో మిగిలిన నికెల్-59 అనే రేడియోధార్మిక రూపాన్ని కొలిచి, పడి 80 వేల ఏళ్ల లోపే అయి ఉంటుందని తేల్చారు. అన్నేళ్ల వానలకు, గాలికి మెత్తటి సున్నపు నేలలో ఆ గొయ్యి పూడి చదునైపోయి ఉంటుంది.

చిన్న ఉల్కల సంగతి వేరు. మన పార్వతీపురం ప్రాంతంలో 1870లో జనం చూస్తుండగా ఒక ఇనుప ఉల్క పడింది. నెడగొల్ల పేరుతో ఉల్కల పట్టికల్లో నమోదై ఉంది, బరువు 4.6 కిలోలు. పడుతుండగా చూసిన ఇనుప ఉల్కలు ప్రపంచం మొత్తంలో కొద్దే. ఆ పరిమాణంలో ఉన్నదానికి ఆకాశంలో తెచ్చుకున్న వేగమంతా పైనే పోతుంది, ఆఖరికి ఎత్తు నుంచి జారవిడిచిన రాయిలానే నేలకు చేరుతుంది. పది టన్నులు దాటితే అలా కుదరదు, ఎంతో కొంత వేగం మిగిలే ఉంటుంది. హోబా విచిత్రమంతా అక్కడే ఉంది.

1955లో దీన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు. అప్పటికీ చెక్కుకుపోవడం ఆగలేదు. 1985లో రోసింగ్ యురేనియం కంపెనీ రక్షణకు సాయం చేసింది, 1987లో పొలం యజమాని ఉల్కనూ ఆ స్థలాన్నీ దేశానికి ఇచ్చేశాడు. మెట్లు, సందర్శకుల ఏర్పాట్లు ఆ తర్వాత వచ్చినవే. అలా ఇచ్చేసిన ఆ మనిషికి చూడవచ్చే ప్రతివాళ్లూ రుణపడి ఉన్నారు.

ఫోటోలకు పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత పక్క వెలుతురు బాగుంటుంది. నడినెత్తి ఎండలో గుంటలన్నీ చదునుగా కనిపిస్తాయి. పక్కన మనిషిని నిలబెట్టకపోతే కొలత తెలియదు. రెండు గంటలు కేటాయించండి, టూరిస్టు బస్సులు ఇరవై నిమిషాలే ఇస్తాయి. మధ్యాహ్నం గ్రూట్‌ఫోంటెయిన్‌లో 1896 నాటి పాత కోటలో ఉన్న మ్యూజియం చూసుకోవచ్చు. బ్రిట్స్ నివేదిక అక్కడుంది.

నాలుగో రోజు: సుమెబ్ మీదుగా ఒచివరోంగో

సి42 మీద 60 కిలోమీటర్లు పోతే సుమెబ్. 1996 దాకా పెద్దగా నడిచిన రాగి, సీసం గని ఊరది. నీలి అజురైట్, పచ్చని డయాప్టేజ్ స్ఫటికాలకు ప్రపంచమంతా పేరు. మ్యూజియంలో వాటిని చూసి, ఉత్తరాన 20 కిలోమీటర్ల పైన ఉన్న ఒచికోటో మడుగు దాకా వెళ్లి రావాలి. గుండ్రంగా, నిటారు గోడలతో ఉండటంతో ఉల్క గొయ్యేమో అనుకునేవాళ్లుంటారు. కాదు. డోలమైట్ లోపల నీరు తొలిచిన గుహ కప్పు కూలి ఏర్పడింది. 1915లో లొంగిపోయే ముందు జర్మన్ సైనికులు ఆయుధాలు పారేసింది అందులోనే.

రాత్రికి ఒచివరోంగో చేరుకుంటే చాలు.

ఐదో రోజు: దక్షిణానికి

ఒచివరోంగో నుంచి మరియెంటాల్ దాకా 515 కిలోమీటర్లు. విండ్‌హోక్‌లో మధ్యాహ్నం భోజనం చేసి, పెట్రోలు నింపుకుని, రెహోబోత్, కల్క్‌రాండ్ మీదుగా పోవాలి. రెహోబోత్ దాటాక మకరరేఖ బోర్డు వస్తుంది. చెట్లు పలచబడి, నేల రాళ్లతో నిండి, ఆకాశం పెద్దదవుతుంది. ఉత్తరాన ఉన్న పచ్చదనం ఇక్కడ లేదు. ఉల్కలు వెతికేవాడికి ఇలాంటి నేలే కావాలి, గడ్డీ చెట్లూ అడ్డం రావు, తుప్పు పట్టించే తేమ కూడా తక్కువ. గిబియాన్ ముక్కలు అంత బాగా నిలవడానికి ఇదొక కారణం.

ఆరో రోజు: గిబియాన్ మైదానం

మరియెంటాల్ నుంచి బి1 మీద దక్షిణంగా పోయి పడమరకు మళ్లితే ఫిష్ నది పక్కన గిబియాన్ ఊరు. విట్‌బూయి నామా ప్రజల ముఖ్య స్థావరం. జర్మన్లను ఎదిరించిన హెన్‌డ్రిక్ విట్‌బూయి వాళ్ల నాయకుడే. ఉల్క అని రాసిన బోర్డు కోసం చూడకండి. చూపించే గొయ్యి లేదు, నేల మీద పేర్చి పెట్టిన ముక్కలూ లేవు.

ఉన్నది విస్తీర్ణం. ముక్కలు దొరికిన ప్రాంతం కోడిగుడ్డు ఆకారంలో సుమారు 275 కిలోమీటర్ల పొడవు, 100 కిలోమీటర్ల వెడల్పు. ఉదయం నుంచి బి1 మీద గంటల తరబడి నడిపినా ఆ పరిధిలోనే ఉంటాం. ఇంత దూరం చెదిరిందంటే ఉల్క చాలా ఎత్తులోనే పగిలింది. పగిలాక చిన్న ముక్కల్ని గాలి త్వరగా ఆపేస్తుంది కాబట్టి అవి వెనక పడతాయి, బరువైనవి ముందుకు పోతాయి. హోబాను పగలకుండా ఉంచిన పరిస్థితి ఇక్కడ కుదరలేదు.

ఈ ఇనుమును మొదట వాడుకున్నది నామా ప్రజలు. పనిముట్లు, ఆయుధాలు చేసుకున్నారు. 1836–37 యాత్రలో బ్రిటిష్ సేనాధికారి జేమ్స్ ఎడ్వర్డ్ అలెగ్జాండర్ ఫిష్ నది దగ్గర నమూనాలు సేకరించి లండన్ పంపాడు. వాటిని పరీక్షించిన ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఇది ఆకాశం నుంచి వచ్చిందేనని చెప్పాడు. ఆ తర్వాత రాంగె బండ్లు కట్టించాడు. ఇటీవలి దశాబ్దాల్లో మెటల్ డిటెక్టర్లతో వచ్చినవాళ్లు మిగిలినవి రహస్యంగా తరలించారు. లెక్కకొచ్చినవి మొత్తం 26 టన్నులు. లెక్కకు రానివి అంతకుమించి ఉంటాయని నా అనుమానం. ఏ ముక్క ఎక్కడ దొరికిందో రాసిపెట్టకుండా తీసుకుపోవడంతో, ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎక్కడ పగిలింది అన్న లెక్కకు కావలసిన ఆధారం పోయింది. ఉంగరంగా మారిన ముక్కకు గీతలు ఉంటాయి గానీ చిరునామా ఉండదు.

మీరు నడుస్తుంటే నల్లగా, బరువుగా ఉన్న రాయి కంటపడితే తీయకండి. ఈ మైదానంలో నల్లటి బసాల్ట్ రాళ్లు బోలెడు, చాలావరకు అదే అయి ఉంటుంది. దిక్సూచి దగ్గర పెట్టినప్పుడు ముల్లు గట్టిగా మళ్లి, రాయి తన పరిమాణానికి మించి బరువనిపిస్తే, కొలత కోసం పక్కన పెన్ను పెట్టి ఫోటో తీసి, జీపీఎస్ అంకెలు రాసుకుని, విండ్‌హోక్‌లోని జాతీయ వారసత్వ మండలికి గానీ భూగర్భ సర్వే కార్యాలయానికి గానీ తెలపండి. పొలాలన్నీ సొంత ఆస్తులు, గేటు దాటే ముందు యజమానిని అడగాలి, తెరిచిన గేటు మళ్లీ వేయాలి. మనిషికి ఐదు లీటర్ల నీళ్లు కారులో ఉండాలి. బి1 వదిలాక చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

సమయముంటే ఇంకా దక్షిణాన సెస్ అనే ఊరి దగ్గర పడమరకు మళ్లి బ్రుకారోస్ కొండ చూడవచ్చు. ఒంటరిగా లేచిన కొండ, నెత్తిన రెండు కిలోమీటర్ల వెడల్పున్న పళ్లెం. దీన్నే గిబియాన్ ఉల్క గొయ్యి అని చూపించేవాళ్లున్నారు. అది తప్పు. కింద నుంచి వేడి శిలాద్రవం వచ్చి భూగర్భ జలాన్ని ఆవిరి చేసి పేల్చడం వల్ల ఏర్పడింది, వయసు 7 కోట్ల ఏళ్లపైనే. నమీబియాలో నిజమైన ఉల్కా బిలం రోటర్ కామ్. అడ్డం రెండున్నర కిలోమీటర్లు, నైరుతి మూలన వజ్రాల గనుల నిషిద్ధ ప్రాంతంలో ఇసుక కింద సగం పూడి ఉంది, అనుమతి లేకుండా పోనివ్వరు. బ్రుకారోస్ చివరి దారికి ఎత్తైన బండి కావాలి, మామూలు కారైతే దూరం నుంచి చూసి చీకటి పడకముందే మరియెంటాల్ చేరుకోవడం మంచిది. మర్నాడు విమానాశ్రయానికి మూడు వందల కిలోమీటర్ల పైన నడపాలి.